చుక్క కుడి ముక్కు

గుర్రాల ఫారంలో మా బావను ఎవరూ పేరు పెట్టి పిలవరు. చెవులాయన అంటారు. చెవులేమీ పెద్దవి కావు, మామూలువే. ఇరవై ఏళ్ల వయసులో ఆయన అక్కడ దాణా బస్తాలు మోసేవాడు. ఒకరోజు బస్తా భుజాన పెట్టుకునే ఆగిపోయి, గోడ అవతల గదిలో ఉన్న గుర్రప్పిల్ల ఊపిరి బాగాలేదు, ఎవరైనా చూడండి అన్నాడట. ఆయన దాన్ని చూడలేదు, ముట్టుకోలేదు. గోడ ఇవతల నుంచి విన్నాడు, అంతే. మర్నాటికి ఆ పిల్లకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని తేలింది. ఆ రోజుతో బస్తా దించి గుర్రాల మధ్యకు వెళ్లిపోయాడు. ముప్ఫై నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు.

నేను ఆయన మరదల్ని, అంటే ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు అక్క పెళ్లితో పాటే వచ్చింది. తొమ్మిదేళ్లుగా అదే ఫారంలో దాణా కలుపుతున్నాను. ఆ చెవులతో ఇంట్లో వేగడం మాటలు కాదు. కుక్కరు విజిలు కాస్త బొంగురుపోతే రబ్బరు మార్చమంటాడు. వీధి చివర స్కూటరు ఆగితే దాని బ్రేకు ఎన్నాళ్లు పనిచేస్తుందో చెబుతాడు. నేను పగలు కునుకు తీస్తే నా గురక విని, ఇది ముక్కుది కాదు, గొంతుది అని తేల్చాడు. మరి మీ ఆవిడది ఏమిటని అడిగాను. అక్క గరిటె ఎత్తింది. ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు.

ఫారంలో ఆయన పని చూడటానికి చాలా తేలిక. ఏడాది దాటిన పిల్లలను జీను వేయకముందే ఒక్కొక్కటిగా ఇసుక మైదానంలోకి తెస్తారు. పొడుగాటి తాడు కట్టి గుండ్రంగా పరుగెత్తిస్తారు. బావ మధ్యలో కళ్లు మూసుకుని నిలబడతాడు. మంచి ఊపిరి ఉతికిన గుడ్డ దులిపినట్టు వినిపిస్తుందట. గొంతులో నరం చచ్చుబడిన పిల్ల గాలి లోపలికి లాగినప్పుడల్లా రంపం కోత వినిపిస్తుందట. అలాంటిదాన్ని మావాళ్లు రంపం గుర్రం అంటారు. అది పందేనికి పనికిరాదు, ఎవరూ కొనరు. బావ కళ్లు తెరిచి "రంపం" అన్నాడంటే ఇక దాని గతి అంతే. మేనేజరు మారుమాట లేకుండా సరే అనేవాడు. డాక్టర్లు కూడా ముందు చెవులాయన ఏమన్నాడని అడిగి, ఆ తర్వాతే గొట్టం మెడలో వేసుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే బావకు అది తలకెక్కింది. ఎక్కకుండా ఎలా ఉంటుంది?

చుక్క విషయంలోనూ అలాగే జరిగింది.

చుక్క అంటే పధ్నాలుగు నెలల ఆడ గుర్రప్పిల్ల. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. వర్షాలు తగ్గేనాటికి దాని ఊపిరికి చప్పుడు మొదలైంది. మొదట పరుగులోనే ఉండేది, తర్వాత నడకలో కూడా. బావ కళ్లు మూసుకుని రెండు చుట్లు విని, "రంపం" అన్నాడు. అప్పటికి కొత్తగా వస్తున్న డాక్టరమ్మ చిన్నావిడ. ఆసుపత్రికి తీసుకెళ్తే కెమెరా గొట్టం ముక్కులోకి దించి చూద్దామంది. మేనేజరు బావ వైపు చూశాడు. "ఎందుకండీ దాన్ని అంత దూరం తిప్పడం, గొంతే కదా" అన్నాడు బావ. అక్కడితో కెమెరా మాట ఆగిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు చుక్క మైదానంలో మూడో చుట్టుకే మోకాళ్ల మీద పడిపోయింది. మనకైతే ముక్కు మూసుకుపోతే నోరుంది. గుర్రానికి ఆ వీలు లేదు, ముక్కుతో తప్ప నోటితో ఊపిరి తీసుకోలేదు. నాలుక నీలంగా బయటికి వచ్చింది. పావుగంట పాటు అది లేవలేదు, మేం కదల్లేదు. ఆ మధ్యాహ్నమే మేనేజరు నిర్ణయం చెప్పాడు. గొంతు బాగయ్యేది కాదు, రోజురోజుకీ బిగుసుకుపోతోంది, ఇలా ఊపిరాడక చచ్చేదాకా చూస్తూ కూర్చోవడం కంటే ఇంజెక్షనుతో పంపేయడం నయం. గురువారం పది గంటలకు అన్నాడు. డాక్టరమ్మ మళ్లీ ఆసుపత్రి పేరెత్తితే, మూడు దశాబ్దాలు విన్న చెవి చెప్పాక ఇంకా ఏం చూస్తారని కొట్టిపారేశాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. గుర్రాన్ని ఎప్పుడూ ఎడమవైపు నుంచే పట్టుకోవాలన్నది గుర్రాలవాళ్ల మొదటి పాఠం. ముఖతాడు తగిలించేది ఎడమవైపు నుంచి, నడిపించేది ఎడమవైపు నుంచి, జీను బిగించేది, ఎక్కేది అంతా అటునుంచే. తలుపులు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. చుక్క గదిలో దాణా తొట్టి ఏ మూల పెట్టారంటే, అది తింటున్నంతసేపూ కుడి చెంప గోడకు ఆనే ఉంటుంది. నాది ఎడమచేతి వాటం. బకెట్టు పట్టుకుంటే నా కాళ్లు వాటంతట అవే కుడివైపుకు పోతాయి. తొమ్మిదేళ్లలో దానికి బావ దగ్గర నేను తిన్నన్ని చివాట్లు పరీక్ష తప్పినవాళ్లు కూడా తిని ఉండరు. ఆయన లేనప్పుడు మాత్రం గోడకూ గుర్రానికీ మధ్య దూరి నాకు నచ్చినట్టే దాణా పోసేదాన్ని. అలా చుక్క కుడి కన్ను నెలరోజులుగా నీరు కారుతుండటం చూశాను. పొట్టు పడిందనుకున్నాను. చెంగుతో తుడిచి వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కుడివైపు ఎందుకు వెళ్లావని మళ్లీ తిడతాడని.

గురువారం పొద్దున చలి ఒక్కసారిగా దిగింది. ఏడున్నరకు చుక్కను చివరిసారి తోమి, ఎండ తగిలేలా వాకిట్లో కట్టేశారు. నేను బెల్లం కలిపిన తవుడు తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ దాన్ని గోడ పక్కనే చూశాను కానీ ఎదురుగా నిలబడి చూసే సందర్భం రాలేదు. బకెట్టు కింద పెట్టి తలెత్తాను. చలికి మిగతా గుర్రాల ముక్కుల నుంచి రెండేసి పాయలుగా ఆవిరి వస్తోంది. చుక్కకు ఒక్కటే వస్తోంది. ఎడమ ముక్కు నుంచి తెల్లగా, జోరుగా. కుడి ముక్కు నుంచి ఏమీ లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఆరుసార్లు ఊపిరి వదిలింది. ఆరుసార్లూ అంతే.

గొంతు పాడైతే రెండు ముక్కుల నుంచీ గాలి సమానంగా రావాలి కదా. దానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

బావ జీన్ల గదిలో ఉన్నాడు. తళతళలాడుతున్న తోలు పట్టీనే మళ్లీ తోముతున్నాడు. విషయం చెప్పాను. తలెత్తలేదు. చలికి అలాగే కనిపిస్తుందన్నాడు. అలాగైతే మిగతావాటికి ఎందుకు కనిపించదని అడిగాను. తెలియని పనిలో వేలు పెట్టొద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది. పట్టీ లాక్కుని అవతల పారేశాను.

"బావా, ఇంకో రెండు గంటలుంది. ఒక్కసారి వచ్చి చూడు. నేను చెప్పింది తప్పయితే జన్మలో మళ్లీ నోరెత్తను."

ఆ చివరి మాటకే వచ్చి ఉంటాడు.

వచ్చి, అలవాటుగా ఎడమవైపే నిలబడ్డాడు. అరచేయి పెట్టి చూశాడు, గాలి బాగానే తగిలింది. చూశావా అన్నట్టు నావైపు తిరిగాడు. "ఇటు రా" అన్నాను. చుక్క తల ముందు నుంచి తిరిగి కుడివైపుకు వచ్చాడు. అది బెదిరి వెనక్కి తగ్గింది. అటువైపు నేను తప్ప ఎవరూ వెళ్లరు మరి. నేను దాని మెడ నిమిరి పట్టుకున్నాను. బావ అరచేయి కుడి ముక్కు ముందు పెట్టాడు. పెట్టి, తీసి, తడి చేసుకుని మళ్లీ పెట్టాడు. ఈసారీ గాలి తగల్లేదు.

ముఖతాడు పట్టీ పైకి జరిపాడు. దాని కింద, చలికాలపు దట్టమైన బొచ్చులో, కంటికి దిగువన ఎముక కాస్త ఉబ్బి ఉంది. అరచేత్తో రాస్తే తెలుస్తుంది, కంటికి తెలియదు. రెండు వేళ్లు మడిచి ముందు ఎడమ చెంప మీద తట్టాడు. ఖాళీ డబ్బా చప్పుడు. కుడి చెంప మీద తట్టాడు. నిండిన డబ్బా చప్పుడు. నాకే తెలిసింది, ఇక ఆ చెవులకు తెలియకుండా ఉంటుందా. ఇంకోసారి తట్టాడు. ఆ తర్వాత చరచరా వెళ్లిపోయాడు.

మేనేజరు దగ్గరికి వెళ్లాడనుకున్నాను. కాసేపయ్యాక చూస్తే దాణా గదిలో బస్తా మీద కూర్చుని ఉన్నాడు. తొమ్మిది దాటింది. చెప్పావా అని అడిగాను. లేదన్నాడు. ఎప్పుడు చెబుతావన్నాను. బస్తా కుట్టు దారం పీకుతూ కూర్చున్నాడు. ఆయనను కొట్టాలనిపించింది. ఆ మాట అనబోతుంటే ఆయనే అన్నాడు.

"రెండేళ్ల కిందటి మగ గుర్రప్పిల్ల గుర్తుందా? దాన్ని కూడా నేనే రంపం అన్నాను. ఇది ముక్కే అయితే, అది కూడా ముక్కేనేమో."

ఆ మగపిల్లకు తల్లి చచ్చిపోతే ఈయనే సీసాతో పాలు పట్టి పెంచాడు. దాన్ని కూడా ఇలాగే పంపేశారు. ఆ రోజు ఈయన అన్నం ముట్టలేదు, కానీ నా మాట తప్పు కాదు కదా అని అక్కతో రెండుసార్లు అన్నాడు. ఇప్పుడు నాకు అర్థమైంది. పది గంటలకు చుక్క కూడా పోతే, రెండేళ్ల కిందటి మాట అలాగే నిలబడిపోతుంది. చుక్క బతికితే అది నిలబడదు. మా బావ చెడ్డవాడు కాదు. కానీ ఆ బస్తా మీద కూర్చున్న మనిషి ఏమైనా చేయగలడని నాకు ఆ క్షణంలో భయం వేసింది. ఆయనంటే నాకు భయం వేయడం అదే మొదటిసారి.

తిట్టలేకపోయాను. "చుక్క బతికే ఉంది బావా" అని మాత్రం అని బయటికి వచ్చేశాను.

పదికి ఐదు నిమిషాల ముందు డాక్టరమ్మ జీపు వచ్చింది. మేనేజరు కాగితం మీద సంతకం పెడుతూనే నడిచొచ్చాడు. మధ్యాహ్నం గుర్రాలు చూడటానికి ఎవరో వస్తున్నారట, ఈలోపు వాకిలి కడిగేయాలట. బావ వచ్చి చుక్క ముఖతాడు పట్టుకున్నాడు. ఎడమవైపు నుంచే. నావైపు చూడలేదు. నేను ముందుకు వెళ్లి కుడి ముక్కు అని ఏదో మొదలుపెట్టాను. దాణా కలిపేదానికి ముక్కుల గొడవేమిటన్నట్టు చూసి, బకెట్టు తీసుకుని వెళ్లమన్నాడు మేనేజరు. నేను కదల్లేదు.

డాక్టరమ్మ పెట్టె తెరిచింది. మెడ మీద కాస్త బొచ్చు గొరిగి దూదితో తుడిచింది. సిరంజిలోకి మందు ఎక్కించింది. ఆవిడకూ ఇష్టం లేదని చేతులు చూస్తేనే తెలుస్తోంది, అన్నీ నెమ్మదిగా చేస్తోంది. చుక్క ఊపిరి గరగరమంటోంది. బావ కళ్లు మూసుకున్నాడు. మైదానంలో మూసుకున్నట్టే. ఆవిడ మెడ మీద నరం వెతికి బొటనవేలితో నొక్కి పట్టింది.

బావ ఎడమచేయి చాచి ఆ నరం మీద పెట్టాడు. ఆవిడ వేలి మీదే పెట్టాడు.

"ఆగండమ్మా. నేను చెప్పింది తప్పు."

మేనేజరుకు అర్థం కాలేదు. నువ్వే కదయ్యా చెప్పావు అన్నాడు. నేనే చెప్పానన్నాడు బావ. ఇక ఆగలేదు. గాలి లోపలికి తీసుకునేటప్పుడే కాదు, బయటికి వదిలేటప్పుడు కూడా చప్పుడు ఉందని, మొదటి రోజే తనకది వినిపించిందని, గొంతు జబ్బుకు అలా ఉండదని తెలిసి కూడా లెక్కలోకి తీసుకోలేదని చెప్పాడు. కుడివైపుకు ఈ పొద్దున దాకా వెళ్లనే లేదన్నాడు. అక్కడ చూసింది తను కాదు, తన మరదలని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా వింటుండగానే అన్నాడు. ఒక్క మాట కూడా మింగలేదు.

మేనేజరు ముఖం మాడ్చుకుని, ఇంత అనుభవం ఉన్నవాడివి ఆఖరి నిమిషంలో మనసు కరిగి ఇలా మాట్లాడుతున్నావా అన్నాడు. డాక్టరమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. అప్పటికే చుక్క కుడివైపుకు వచ్చి, దూది పోగు ఒకటి తీసి ముక్కు ముందు పట్టుకుంది. అది కదల్లేదు. ఎడమ ముక్కు ముందు పట్టుకుంటే ఎగిరిపోయింది. మేనేజరు కూడా చూశాడు. ఆవిడ సిరంజిలో మందు మట్టిలోకి వదిలేసి, ఆసుపత్రికి ఫోన్ చేసింది.

మర్నాడు ఆపరేషను. కుడివైపు నిలబడితే చుక్క బెదరకుండా ఉండేది నా దగ్గరే కాబట్టి నన్ను కూడా తీసుకెళ్లారు. కళ్లెదుట ఇదంతా చూస్తానని కలలో కూడా అనుకోలేదు. దాన్ని పడుకోబెట్టరు. మత్తిచ్చి, నిలబెట్టే చేస్తారు. గడ్డం కింద మెత్త వేసిన బల్ల పెట్టారు. అది సగం నిద్రలో తూగుతోంది. ఎక్స్‌రే ఫొటో తీస్తే కుడి చెంప లోపలి గుల్లంతా తెల్లగా నిండిపోయి కనిపించింది. నీటితిత్తి పెరిగిందట, పెరిగి పెరిగి ముక్కు మధ్య గోడను కూడా ఎడమవైపుకు నెట్టేసిందట. ఇంకో రెండు వారాలైతే ఆ ఒక్క దారి కూడా మూసుకుపోయేదని చెప్పారు.

కంటి కింద ఎముకను చిన్న కిటికీలా కోసి ఎత్తారు. పసుపు రంగు చిక్కటి ద్రవం కారింది. బావ తల పట్టుకున్నాడు, ఈసారి ఎదురుగా నిలబడి. ఆయన నుదుటి మీద చెమట తుడిచే తీరిక ఎవరికీ లేదు, నాకు కూడా. తిత్తిని కొంచెం కొంచెంగా ఊడదీస్తుంటే రక్తం బాగా పోయింది. ఒక దశలో చుక్క వెనకకాళ్లు మడతపడ్డాయి. ముగ్గురు దాన్ని భుజాలతో ఆపారు. డాక్టరమ్మ ఊపిరి లెక్కపెట్టమంది, బావ పైకి లెక్కపెట్టాడు. పదిహేడు తర్వాత ఆగిపోయాడు. చుక్క ఊపిరే ఆగిందనుకున్నాను. అది కాదు. కుడి ముక్కు నుంచి రక్తపు తుంపరతో పాటు గాలి వచ్చి ఆయన చొక్కా మీద పడింది. చాలా నెలల తర్వాత ఆ దారిన వచ్చిన మొదటి గాలి అది. "పద్దెనిమిది" అన్నాడు.

నెలన్నర గడిచింది. కుట్లు మానాయి, ఎముక అతుక్కుంది, ముక్కులో కుక్కిన దూది తీసేశారు. డాక్టరమ్మ చివరి పరీక్షకు వచ్చిన రోజు చుక్కను మైదానంలో పరుగెత్తించారు. ఎడమవైపుకు పది చుట్లు, కుడివైపుకు పది చుట్లు. మధ్యలో బావ నిలబడ్డాడు, కళ్లు తెరుచుకునే. మేనేజరు కంచె మీద వాలి, ఏం వినిపిస్తోందని అడిగాడు. డాక్టరమ్మను అడగమన్నాడు బావ. అడగక్కర్లేదు. అందరికీ వినిపించింది. గిట్టల చప్పుడూ, ఉతికిన గుడ్డ దులిపినట్టు ఊపిరీ. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, దాచుకోవడానికి ఏముంది.

అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. డాక్టరమ్మ పెట్టె సర్దుకుంటోంది. బావ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను చుక్కను తుడుస్తున్నాను కాబట్టి విన్నాను. రెండేళ్ల కిందటి మగపిల్ల సంగతి మొత్తం చెప్పాడు. ఎప్పుడు చప్పుడు మొదలైంది, ఎలా ఉండేది, ఎన్నాళ్లకు పడిపోయింది, తను ఏమన్నాడు, అన్నీ చెప్పాడు. ఏ ఒక్కటీ తనకు అనుకూలంగా మార్చలేదు. ఆవిడ శ్రద్ధగా విన్నది. ఆఖరున అడిగాడు.

"అది కూడా ముక్కేనంటారా అమ్మా?"

కాదని ఒక్క మాట అంటే పోయేదేముంది అని నా ప్రాణం కొట్టుకుంది. ఆవిడ పెట్టె మూత వేసి బావ వైపు తిరిగింది.

"నేను దాన్ని చూడలేదు కదండీ. చూడకుండా ఎలా చెప్పను?"

బావ తల ఊపాడు. ఆవిడ వైపు కోపంగా చూస్తాడేమో అనుకున్నాను, చూడలేదు. పెట్టె మోయడానికి చేయి కూడా అందించాడు. జీపు దాకా వెళ్లాక ఆగి, ఆవిడతోనో తనతోనో తెలియనట్టు అన్నాడు.

"ఆ మాట ఆ రోజు నేను అనాల్సింది."